నాలుకకు వయసెంత?

విమానంలో ఆడవాళ్లకేం కావాలి, కుర్రాళ్లకేం కావాలి, పెద్దవాళ్లకేం కావాలి అంటూ సర్వేలు గళ్లు గీస్తూనే ఉన్నాయి. పైకెళ్లాక నాలుక ఆ గళ్లలో ఇమడదు. లుఫ్తాన్సా విమాన సంస్థ కోసం జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ పరిశోధన సంస్థ నేలమీదున్న విమానంలోనే గాలి ఒత్తిడి తగ్గించి తినిపించి చూసింది. ఉప్పూ తీపీ చప్పబడ్డాయి. మామూలు ఒత్తిడిలో మట్టివాసన కొట్టిన టమాటా రసం అక్కడ కమ్మగా తోచింది. ఒత్తిడి పడిపోతే తాత నాలుకైనా మనవరాలి నాలుకైనా (బిజినెస్ క్లాసు నాలుకైనా సరే) మొద్దుబారాల్సిందే. మరి తేడాలే లేవా అంటారా? ఉన్నాయి. ఏ సీట్లలో మహిళలున్నారో ముందే చూసుకునే వీలు ఇండిగో 2024లో మహిళలకిచ్చింది. అది రుచి కాదు, నిశ్చింత. దానికి గడి గీయాల్సిందే. కాళ్లు చాపుకునే చోటుకు అదనంగా వసూలు చేసేటప్పుడు మాత్రం వయసునో లింగాన్నో బట్టి రేటు మారదు.