పద్మమూలోపాఖ్యానము

మన కవీశ్వరులకు తామరపై గల పక్షపాతము చెప్పనలవి కాదు. నాయిక మోము పద్మమనిరి, కన్నులు పద్మపత్రములనిరి, కరచరణములనైనను విడువక పద్మములనిరి. విరహతాపము హెచ్చిన నాడు ఆకులు పఱచి శయ్య గావించిరి. లేదూడులను హంసలకు ఫలాహారముగా నొసగిరి. ఇంత చేసియు, ఈ వైభవమునకెల్ల మూలాధారమై అడుసులో పడియున్న దుంపను నూనెమూకుడులో వేసిన నెట్లుండునో యని విచారించిన పుణ్యాత్ముడు మాత్రము మనలో పుట్టినట్లు లేదు.

ఆ విచారణ కాశ్మీరమున జరిగినది. శ్రీనగరవాసులు దానిని నిలువుగా చీల్చి, పిండిలో ముంచి, వేయించి వీథులలో నమ్ముదురు. తమిళులు చక్రములుగా తరిగి, ఉప్పుమజ్జిగలో ఊరవేసి, ఎండబెట్టి, కావలసినప్పుడు వేయించుకొందురు. కొల్లేటి యొడ్డున పుట్టిన మనము మాత్రము కందాబచ్చలియు, చేమదుంపల వేపుడును దాటి యడుగు వేయము. కందను నేను నిందింపను. కొవ్వూరు పరిశోధనస్థానము పుణ్యమా యని గజేంద్ర యను దురదలేని రకము వచ్చినది మొదలు, కందకు లేని దురద కత్తిపీట కెందుకను సామెతకు శాస్త్రాధారము కూడ చేకూరినది.

తమ్మిలేరు, బుడమేరు తెచ్చిపోసిన నీటిని ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు సాగనంపు ఆ కొల్లేరు 1999లో పక్షుల కభయారణ్యమైనది, 2002లో రాంసార్ జాబితా కెక్కినది. అచ్చటి పెలికానుకు చట్టము తోడున్నది. నావంటి భోజనప్రియునకు లేదు. కావున తాడేపల్లిగూడెము చేరువ నొక పల్లెలో, మా మేనమామగారి సొంత చెరువున దుంపలు తవ్వించి, బురదయోడుచున్న గోనెసంచితో గూడెము బస్సుస్టాండున నిలిచితిని. ఉల్లిపాయల కా యూరు పెట్టినది పేరు గదా, ప్రక్కనే యుల్లి మూటపై కూర్చున్న పెద్దమనిషి నా సంచిలోనికి తొంగిచూచెను.

"ఏం దుంపలండి అవి?"

"తామరదుంపలండి. వేయించుకుంటాం."

"అయ్యబాబోయ్! లక్ష్మీదేవి కూర్చునేదాన్ని కోసుకు తింటారా అండి?"

"ఆవిడ కూర్చునేది పువ్వు మీదండి, దుంప మీద కాదు."

ఆయన క్షణకాల మాలోచించి, న్యాయము నావైపే యున్నట్లు తోచెనేమో, "అయితే ఉల్లిపాయ కూడా వెయ్యండి, బాగుంటది" అని తన వర్తకధర్మమును నెరవేర్చెను.

ఏలూరులోని మా యిల్లు చేరిన పిదప అసలు కథ మొదలైనది. ఈ దుంపలో ఈ కొననుండి ఆ కొనవఱకు గొట్టములుండును. గాలి చొరని బురదలో నున్న వేళ్లకు, ఆకులు పీల్చిన గాలి వీని గుండనే చేరును. అడ్డముగా కోసినచో బిళ్ల బిళ్లకును రంధ్రములు వరుసదీరి కనబడును. వానిని చూచి మా అత్తగారు, "చిల్లులగరిటె ఇంట్లో ఉండగా మళ్ళీ ఇదెందుకు నాయనా?" అనిరి. కత్తిపీటపై కోయుకొలది, బిళ్లకును బిళ్లకును నడుమ సన్నని దారములు సాగుచు వచ్చును. కవులు కొనియాడిన బిసతంతువు లివియే కాబోలు, మా యింట వేళ్లకు చుట్టుకొని విసిగించినవి. కోసిన బిళ్ల గాలి తగిలిన నల్లబడును గనుక వెంటనే మజ్జిగనీటిలో వేయవలయును. పిదప కొలదిగా నుడికించి, గుడ్డపై నారబెట్టి, వరిపిండి, కారము, జీలకఱ్ఱ, ఉప్పు పట్టించి నడిమి మంటపై వదలితిమి. ప్రతి చిల్లునుండియు నూనె బుడగలు వేర్వేరుగా లేచి, బిళ్ల ఎఱ్ఱబడుకొలది అణగినవి.

అంచు కరకరలాడెను, నడుమ చేమవలె జిగురులేదు, కొంచెము తీపి. పళ్లెము ఖాళీయగువఱకు మా అత్తగారు లక్ష్మీదేవి ప్రసక్తి తేలేదు. నా తీర్పు మాత్ర మిది: వేడివేడిగా తామరదుంప కందను మించును, చల్లారినచో కందయే మేలు, తామరదుంప సాగును. వండదలచినవారు రెండు కొనలును కణుపులతో మూసికొనియున్న దుంపనే యేరుకొనుడు. కొన తెగిన దాని గొట్టములలో చేరిన బురదను కడుగుటకు మా యింట నొక పూట చాలలేదు.