వియ్యంకుడి తాతకు వంశం కట్టడం ఎలా?

పిల్ల అమెరికాలో తెల్లవాళ్ల అబ్బాయిని చేసుకుంది. బ్రిడ్జ్‌వాటర్ గుళ్లో ఒకసారి, వాళ్ల చర్చిలో ఒకసారి పెళ్లి ఘనంగానే అయింది. అటేడు తరాలు, ఇటేడు తరాలు చూడకుండా పిల్లనిచ్చామన్న వెలితి మాత్రం మీకు ఉండిపోయింది. ఇప్పుడు వియ్యంకుడుగారికి డెబ్బై నిండుతున్నాయి. మనవాళ్లయితే భీమరథ శాంతి చేయించి పట్టుబట్టలు పెట్టేవాళ్లం. ఆయనకేం పెడతారు? తాతగారు ఇంగ్లాండు నుంచి వచ్చాడని, వాళ్లది పెద్ద వంశమని పెళ్లిలో రెండు పెగ్గులయ్యాక ఆయనే చెప్పాడు కదా. ఆ వంశాన్నే తవ్వి తీసి, ఫ్రేము కట్టించి చేతిలో పెట్టండి. ఈ పని నేను చాలామంది వియ్యంకులకు చేసిపెట్టాను. ఇంతవరకు ఏ ఒక్కరి తాతా సామాన్యుడిగా తేలలేదు. నా పద్ధతి అలాంటిది.

ఉదాహరణకి ఒక కుటుంబం అనుకుందాం. ఇంటిపేరు ఈటన్. తాత జాన్ న్యూజెర్సీలోని పేటర్సన్‌లో పట్టుమిల్లులో పనిచేశాడు. ఇంగ్లాండులో పట్టుకు పేరుపడ్డ ఊరు చెషైర్ జిల్లాలోని మాక్లెస్‌ఫీల్డ్. 1860లో ఇంగ్లాండు ఫ్రాన్సుతో వర్తక ఒప్పందం చేసుకుని ఫ్రెంచి పట్టుమీద సుంకం ఎత్తేసింది. దాంతో అక్కడి మగ్గాలు దెబ్బతిని, పనివాళ్లు ఓడలెక్కి పేటర్సన్ చేరారు. అంతకుముందే, 1839లో, మాక్లెస్‌ఫీల్డ్ పక్కనున్న బోలింగ్టన్ నుంచి జాన్ రైల్ అనే కుర్రాడు వచ్చి పేటర్సన్‌లో పట్టు పరిశ్రమకు ఊపిరిపోశాడు, తర్వాత ఆ ఊరికే మేయరయ్యాడు. ఇదంతా చదివితే వియ్యంకుడిగారి తాత కూడా మగ్గం మనిషేనేమో అన్న అనుమానం వస్తుంది. అందుకని చదవకండి.

ముందు ఇంట్లో ఉన్న కాయితాలన్నీ బల్లమీద పరవమనండి. అవి ఒకదానికొకటి పొసగవు. బైబిలు అట్టలోపల రాసిన పుట్టినరోజు 1884 ఫిబ్రవరి 12. పౌరసత్వం కాయితంలో అదే ఏడు మార్చి 12. సమాధిరాయి మీద 1882. 1909 నాటి ఓడ జాబితాలో పాతికేళ్లు. పుట్టిన ఊరు ఒకదాంట్లో మాక్లెస్‌ఫీల్డ్, ఒకదాంట్లో లీక్, పోయినప్పుడు పేపర్లో వేయించిన దాంట్లో చెస్టర్. ఇక్కడే చాలామంది ఆగిపోయి, ఈ మాట ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎందుకు చెప్పారు అని ప్రతి కాయితాన్నీ ప్రశ్నించడం మొదలుపెడతారు. ఆ మూడు ప్రశ్నలూ నోట రానివ్వకండి. నేను చూసిన వంశాలన్నీ ఆ మూడు ప్రశ్నల దగ్గరే కూలిపోయాయి.

కాయితాన్ని అందం చూసి ఎంచుకోవాలి. బంగారు అంచు ఉన్న బైబిలును మించిన సాక్ష్యం లేదు. అయితే పొరపాటున కూడా మొదటి పేజీ తిప్పొద్దు. అక్కడ అచ్చువేసిన సంవత్సరం 1931 అని ఉంటుంది. 1884లో పుట్టుక, 1912లో పెళ్లి, 1920ల్లో పిల్లల పుట్టుకలు అన్నీ ఒకే చేతిరాతలో, ఒకే సిరాతో, ఒకే వాలుతో ఎందుకున్నాయో అప్పుడు అర్థమైపోతుంది. పెద్ద కూతురు ఒక ఆదివారం సాయంత్రం కూర్చుని గుర్తున్నదంతా రాసేసింది. మరణ ధ్రువపత్రం ఇంకా మంచిది, దానిమీద సీలుంటుంది. తాతగారి తల్లి పుట్టింటి పేరు ఆ పత్రంలో నింపించినవాడు ఆయన అల్లుడు. మీ మామగారి అమ్మమ్మగారి ఇంటిపేరు మీకు తెలుసా? తెలియదు కదా, అయినా ఆస్పత్రిలో అడిగితే ఏదో ఒకటి చెబుతారు. ఆయనా చెప్పాడు. సీలు పడింది.

ఇక పుట్టినతేదీ. ఇంగ్లాండు, వేల్స్‌లలో జననాలు ప్రభుత్వం నమోదు చేయడం 1837 జూలై 1న మొదలైంది. 1875 నుంచి ఆ బాధ్యత తల్లిదండ్రులమీద పెట్టారు. బిడ్డ పుట్టిన 42 రోజుల్లో రాయించాలి, దాటితే జరిమానా. పట్టుమిల్లులో పన్నెండు గంటలు నిలబడే తల్లికి 42 రోజులు ఇట్టే గడిచిపోతాయి. ఏప్రిల్లో రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లి, బిడ్డ పుట్టింది మార్చిలోనండీ అంటుంది. ఆయన రాసుకుంటాడు. కాబట్టి ఇంట్లో పుట్టినరోజు ఫిబ్రవరి 12న జరుగుతుంది, సర్కారు లెక్కలో మార్చి 12. మనూళ్లలో హెడ్మాస్టరుగారు బడిలో వేసుకునేటప్పుడు తరగతి మొత్తానికి జూలై 1 వేసెయ్యలేదూ, ఇదీ అంతే. అయితే చర్చి రిజిస్టర్లో బాప్తిస్మం తేదీ మార్చి 2 అని కనబడుతుంది. అంటే సర్కారు లెక్కన తాతగారికి పుట్టకముందే నామకరణం అయిపోయింది. ఇలాంటిది దొరికితే జరిమానా గురించి ఎత్తకండి. మహాపురుషుల జాతకాలు ఇలాగే ఉంటాయి అనండి.

జాతకమంటే గుర్తొచ్చింది. వియ్యపురాలు సరదాపడి మన సిద్ధాంతిగారితో తాతగారి చక్రం వేయిద్దాం అంటుంది. ఇంగ్లాండు జనన పత్రంలో పుట్టిన గంట సాధారణంగా ఉండదు. ఉంటే కవలలై ఉంటారు, ఎవరు ముందో తెలియడానికి రాస్తారు. గంట కనబడగానే సిద్ధాంతి దగ్గరికి పరిగెత్తండి. రెండో బిడ్డ ఏమయ్యాడని వెతకడం మన పని కాదు.

ఇప్పుడు సూచికలో వెతకాలి. పద్ధతి ఏమిటంటే, మీకు ముందే నచ్చిన ఊరు, నచ్చిన సంవత్సరం పెట్టి, మొదట దొరికినవాణ్ణి పట్టుకోవడం. సమాధిరాయి మీద 1882 ఉంది కదా, మాక్లెస్‌ఫీల్డ్‌లో 1882లో జాన్ ఒకడు దొరుకుతాడు. ఇంగ్లాండులో జాన్ దొరకని ఊరు లేదు. అతనే తాత. జనరల్ రిజిస్టర్ ఆఫీసువాళ్లు తమ ఆన్‌లైన్ సూచికలో ప్రతి బిడ్డ పక్కనా తల్లి పుట్టింటి పేరు కూడా ఇచ్చారు. ఆ గడి చేత్తో మూసుకుని చదవండి. అలాగే మరణాల సూచిక తెరవనే వద్దు. 1866 నుంచి అందులో పోయినవారి వయసు కూడా వేశారు. మాక్లెస్‌ఫీల్డ్‌లో అదే పేరు, 1883, వయసు 0 అని ఒక వరుస కనబడుతుంది. అంటే మీరు పట్టుకున్న జాన్ ఏడాది నిండకుండానే కన్నుమూశాడు. ఆ పసివాడికి పేటర్సన్‌లో పెళ్లయి, ఆరుగురు పిల్లలు పుట్టి, ఒక మనవడు మీకు వియ్యంకుడు కావడం కొంచెం కష్టం. కానీ వంశవృక్షంలో ఆకులు మరీ దగ్గరగా చూసేదెవరు? ఒకసారి ఆన్‌లైన్లో ఎక్కించండి చాలు. నెల తిరిగేసరికి ఎవరెవరో మీ చెట్టులోంచి కొమ్మలు విరుచుకుని తమ చెట్టుకు అంటుకట్టుకుంటారు. ఆ తర్వాత మీరే వెళ్లి, ఇంతమంది రాశారు కాబట్టి నిజమేనని చూపించవచ్చు.

తాతగారు నిజంగా పుట్టింది లీక్‌లో. అది పక్క జిల్లా, స్టాఫర్డ్‌షైర్. అక్కడా పట్టు పనే. పనికోసం సంసారం ఇటు మారింది. 1891 జనాభా లెక్కలో లీక్ అని ఉంది, చెప్పింది తల్లి. 1901లో మాక్లెస్‌ఫీల్డ్ అని ఉంది, అప్పటికి ఆయన ఒక గదిలో అద్దెకుంటున్నాడు, చెప్పింది ఇంటామె. చెస్టర్ మాట న్యూజెర్సీ మనవరాళ్ల సృష్టి, చెషైర్ అనడం కష్టమై. ఈ మూడింటిలో మనకు కావలసింది చెస్టరే. ఎందుకో చెబుతా.

చెస్టర్ ఊరి బయట ఈటన్ హాల్ అని ఒక మహా భవనం ఉంది. అది వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూకుల నివాసం. 1874లో వాళ్లకు ఆ డ్యూకు పదవి వచ్చింది. మీ వియ్యంకుడి ఇంటిపేరు ఈటన్, వాళ్ల మేడ పేరు ఈటన్. ఇంకేం కావాలి? ఆ డ్యూకుల ఇంటిపేరు గ్రోవ్‌నర్ కదా అని ఎవరైనా అంటే, దాయాదుల గొడవలో మార్చుకున్నారు అనండి. కాంగల్టన్ పక్కన ఈటన్ అనే చిన్న పల్లె ఇంకొకటుంది, దాని జోలికి వెళ్లకండి. అంతకన్నా ముఖ్యంగా, ఇంగ్లాండులో ఉన్నన్నాళ్లూ ప్రతి కాయితంలోనూ ఇంటిపేరు హీటన్ అని ఎందుకుందో వెతకకండి. ఆ ప్రాంతపు శ్రామిక జనం మాట మొదట్లో వచ్చే ‘హ’ పలకరు. తాతగారు తన పేరు తన నోటితో చెప్పాడు, పేటర్సన్ మిల్లు గుమాస్తా విన్నది విన్నట్టు రాసుకున్నాడు. అంతమాత్రానికి డ్యూకులు పోతారు. అందుకే నేరం ఎల్లిస్ దీవి మీద వేసేయండి. అక్కడ అధికారులు వచ్చినవాళ్లందరి పేర్లూ మార్చిపారేశారని అమెరికాలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. నిజానికి ఆ జాబితాలు ఓడ కంపెనీవాళ్లు బయలుదేరే రేవులోనే రాసి పంపేవారు, దీవిలో వాటిని చూసుకుంటూ ప్రశ్నలు అడిగేవారు. ఈ సంగతి మాత్రం వియ్యంకుడి చెవిన పడకూడదు.

ఆ జాబితా సంగతి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. 1907 తర్వాతివి రెండు పేజీల వెడల్పుంటాయి. కంప్యూటర్లో మొదటి పేజీ తెరుచుకుంటుంది. పేరు, వయసు, పని కనబడతాయి. పని దగ్గర ‘నేతగాడు’ అని ఉంటే ఆ గడిమీద వేలు పెట్టి జూమ్ చేయండి, ‘నేతగాళ్ల యజమాని’ అన్నట్టు కనబడేదాకా. అదే పేజీ చివర సొంతూళ్లో ఉన్న దగ్గరి బంధువు పేరు, చిరునామా ఉంటాయి. తల్లి పేరు, వీధి పేరు, ఊరు. పక్క పేజీకి జరిగితే ఎత్తు, కళ్ల రంగు, ఆఖరి గడిలో పుట్టిన ఊరు. ఆ పేజీకి జరగకండి. తాతగారు అయిదడుగుల నాలుగంగుళాలు అని తేలితే ఫ్రేములో గుర్రం మీద కూర్చోబెట్టలేం. అలాగే గోడకు తగిలించిన పౌరసత్వ పత్రంతో తృప్తిపడండి. 1906 సెప్టెంబరు తర్వాత ఆ పత్రానికి ముందు దాఖలు చేసిన అర్జీల్లో ఏ ఓడలో, ఏ తేదీన వచ్చాడో, ఏ ఊళ్లో పుట్టాడో స్వయంగా చెప్పుకుని సంతకం పెట్టాలి. మనిషి ప్రమాణం చేసి తన గురించి తనే చెప్పుకున్న కాయితం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

ఎవరైనా రికార్డులేవీ అంటే, కాలిపోయాయి అనడం ఎప్పుడూ పనిచేస్తుంది. ఎల్లిస్ దీవిలో 1897 జూన్‌లో నిప్పంటుకుని పాత వలస రికార్డులు బుగ్గయిన మాట నిజమే. తాతగారు దిగింది 1909లో కదా అని లెక్కకట్టే మనిషి చుట్టాల్లో ఒక్కరుంటే ఎక్కువ. టైటానిక్ కథ కూడా వదలకండి. తాతగారికి టికెట్టుందని, రైలు ఆలస్యమై ఓడ తప్పిపోయిందని ప్రతి ఇంట్లోనూ చెబుతారు. 1909లోనే పేటర్సన్ చేరినవాడు 1912 ఏప్రిల్లో సౌతాంప్టన్‌లో ఏం చేస్తున్నాడు అంటారా? అత్తగారిని దిగబెట్టడానికి వెళ్లాడు.

కొందరికి అదృష్టం ఇంకో రకంగా పడుతుంది. జనన పత్రంలో తండ్రి గడిలో గీత తప్ప ఏమీ ఉండదు. 1875 తర్వాత, పెళ్లికాని తల్లితోపాటు తండ్రి కూడా వచ్చి సంతకం పెడితేనే అతని పేరు రాసేవారు. తల్లి పంతొమ్మిదేళ్ల మిల్లు పిల్ల. పదేళ్ల తర్వాత జనాభా లెక్కలో ఆ బిడ్డ అమ్మమ్మకు ‘కొడుకు’, కన్నతల్లికి ‘తమ్ముడు’. అతను పెరిగి పెళ్లి చేసుకునేటప్పుడు చర్చి రిజిస్టర్లో తండ్రి పేరు దగ్గర తన అమ్మ తండ్రి పేరు రాయించాడు. నా అనుభవంలో ఇంతకన్నా బంగారు గని లేదు. ఖాళీ గడి కనబడిందా, అక్కడ డ్యూకును కూర్చోబెట్టండి. మిల్లులో ఫోర్‌మన్ ఉన్నాడు, పక్కింట్లో తాపీమేస్త్రి ఉన్నాడు, ఆ పిల్ల మనోవర్తి కోసం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి ఉంటే ఊరి పేపర్లో ఆ ఇద్దరిలో ఒకరి పేరు వచ్చి కూడా ఉండవచ్చు. పాత పేపర్లు చదవడం కళ్లకు మంచిది కాదు.

చివరిగా కులచిహ్నం. ఇంటిపేరు చెబితే చాలు, సింహం, డాలు, లాటిన్ ముక్క వేసి కాఫీ కప్పు పంపే కొట్లు బోలెడు. లండన్‌లో 1484 నుంచి కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అని ఒకటుంది. చిహ్నం ఇంటిపేరుకు రాదు, ఒక మనిషికి ఇస్తారు, అతని నుంచి వారసత్వంగా వస్తుంది అని వాళ్లంటారు. అందుకే వాళ్లను అడగొద్దు. కప్పులు డజను తెప్పించండి, వియ్యపురాలికి ట్రేతో సహా.

డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తానని అల్లుడు ముచ్చటపడితే కాదనకండి. దేశాల శాతాలు వేసిన రంగుల బొమ్మ ఫ్రేములో ఒక మూల బాగుంటుంది. ఆ కంపెనీ లెక్క సవరించినప్పుడల్లా శాతాలు మారతాయి, కాబట్టి నచ్చిన రోజున ప్రింటు తీసుకోండి. అయితే ఆ పరీక్షలో ఇంకో పేజీ ఉంటుంది, రక్తం కలిసిన బంధువుల జాబితా. ఒకనాడు అందులోంచి మాక్లెస్‌ఫీల్డ్ పెద్దావిడ ఒకామె రాస్తుంది. వాళ్ల నాయనమ్మ పుట్టింటి పేరు హీటన్. మీ ముత్తాత మా నాయనమ్మకు తమ్ముడు, లీక్‌లో పుట్టాడు, ఇక్కడే మిల్లులో పనిచేశాడు, పేటర్సన్ నుంచి అక్కకు రాసిన ఉత్తరాలు మా బీరువాలో ఉన్నాయి, స్కాన్ చేసి పంపమంటారా అని. మర్యాదగానే రాస్తుంది. జవాబివ్వకండి. పుట్టినరోజు వచ్చే శనివారం, ఫ్రేము కట్టేవాడు డబ్బు మొత్తం తీసేసుకున్నాడు, డ్యూకుగారి ఫొటో కింద పేరు కూడా చెక్కేశాడు.