ఆల్బంరావు జ్ఞాపకశక్తి

పొద్దున ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు నడిచేవాళ్లలోనూ, సాయంత్రం తార్నాక చౌరస్తాలో చాయ్ తాగేవాళ్లలోనూ ఒక రకం మనిషి తప్పకుండా ఉంటాడు. ఆల్బంరావు అందాం. యాభై దగ్గరపడ్డ వయసు, అరిగిన మోకాళ్లు. జీవితంలో బంతిని తన్నిన దాఖలా లేదు. అయితేనేం, అటక మీంచి ఇటలీ పనీనీ కంపెనీ వేసిన ఆటగాళ్ల స్టిక్కర్ల పాత ఆల్బమో, స్పోర్ట్‌స్టార్ పత్రిక నడిమి పేజీల పోస్టరో దిగిందంటే ఫుట్‌బాల్ పీఠాధిపతి అయిపోతాడు. 1990 ఇటలీ ప్రపంచకప్పులో కొలంబియా ఆటగాడు వాల్డెరామా జుట్టు ఎంత గుబురుగా ఉండేదో చేతులు చాపి కొలిచి చూపిస్తాడు. ఒక్క నిమిషమైనా ఆడని మూడో గోల్‌కీపర్ మీసకట్టు గురించి పావుగంట ప్రసంగిస్తాడు. సొంత పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథం శీర్షిక చెప్పమంటే మాత్రం గుటకలు మింగుతాడు.

ఇతన్ని ఆట పిచ్చివాడంటే నేను ఒప్పుకోను. ఇతను ప్రేమించేది ఆటను కాదు, అచ్చయిన ముఖాన్ని. రుజువు ఇతను రోజూ నడిచే క్యాంపస్‌లోనే ఉంది. ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఈ విశ్వవిద్యాలయంలోనే చదివాడు. ఆయన తర్ఫీదిచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత్ 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఆసియా నుంచి సెమీఫైనల్ చేరిన మొదటి ఫుట్‌బాల్ జట్టయింది. ఆ జట్టులో సికింద్రాబాద్ పక్కనున్న అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు, పీటర్ తంగరాజ్ ఉన్నాడు, నూర్ మహమ్మద్ ఉన్నాడు. ఈ పేర్లు వినిపిస్తే ఆల్బంరావు మర్యాదగా తలాడించి, "వీళ్లు ఏ వరల్డ్ కప్ ఆడారు?" అంటాడు.

చిన్ననాటి ముచ్చట పడేవాడికి చరిత్ర పరీక్ష పెట్టడం అన్యాయమని ఒక వాదన. పైగా తప్పు అతనిదీ కాదంటారు. పనీనీ ప్రపంచకప్పు ఆల్బంలు 1970 మెక్సికో పోటీలతో మొదలయ్యాయి. బలరాం ఆట 1963లోనే ఆగిపోయింది. అదీగాక, ప్రపంచకప్పు ఆడని దేశానికి ఆ ఆల్బంలో పేజీ ఎక్కడిది? ఈ మాటలన్నీ నిజమే, కానీ అవి నా వాదనకే బలమిస్తున్నాయి. గోల్ కొట్టినవాడూ బెంచీ మీద కూర్చున్నవాడూ స్టిక్కర్లో ఒకే సైజు. కాబట్టి గుర్తుండిపోవడానికి గొప్పగా ఆడక్కర్లేదు, అచ్చయితే చాలు. ఇంకా అనుమానముంటే రహీం మీద 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా సంగతి చూడండి. అది చూసొచ్చాక ఆల్బంరావుకి రహీం సాబ్ క్షుణ్ణంగా తెలుసు. కాకపోతే ఆయన ముఖం అచ్చం ఆ పాత్ర వేసిన అజయ్ దేవగణ్‌లా ఉంటుందని అతని నమ్మకం.

అందుకని ఇతన్ని ఎగతాళి చేసి వదిలేస్తే మనకే నష్టం. చరిత్ర పుస్తకాలు విజేతలనే గుర్తుపెట్టుకుంటాయి. రిజర్వు ఆటగాణ్ణి, మొదటి మ్యాచ్‌లోనే మోకాలు విరిగినవాణ్ణి, సొంత గోల్ కొట్టుకున్న అభాగ్యుణ్ణి కూడా ముప్పై అయిదేళ్లు మనసులో పెట్టుకుని సాకగలవాడు ఆల్బంరావు ఒక్కడే. ఇంత ఉదారమైన జ్ఞాపకశక్తికి మేత ఇటలీ నుంచి రావడం మన చేతకానితనం. రహీం కుర్రాళ్లందరికీ స్టిక్కర్లు వేసి, ఒక్కో పొట్లంలో అయిదేసి పెట్టి, తార్నాక కిరాణా కొట్లలో వేలాడదీయండి. వారం తిరక్కుండా ఆల్బంరావు చౌరస్తాలో నిలబడి, ఇద్దరు నూర్ మహమ్మద్‌లిస్తాను, ఒక్క తంగరాజ్‌నివ్వమని బేరమాడకపోతే అడగండి.