గానుగెద్దుకు వాకింగ్ ట్రాక్

రిటైరైన మనిషి వాసన ఇళ్లమ్మేవాళ్లకు ఎలా తగులుతుందో గానీ, తగులుతుంది. కంపెనీలో ఆఖరి హాజరు వేసి నెల తిరక్కుండానే, కదమాలో మా క్వార్టరు గుమ్మం ముందు ఓ బ్రోచరు పడింది. పెళ్లి శుభలేఖ కంటే మందం. మూలలకు పసుపు రాయడం ఒక్కటే తక్కువ. అట్ట మీద ఒక తండ్రి, ఒక తల్లి, ఇద్దరు పిల్లలు, ఒక బొచ్చుకుక్క పచ్చికలో నవ్వుకుంటూ నడుస్తున్నారు. వాళ్లలో ఒక్కరి మొహం మీదా ఝార్ఖండ్ ఎండ పడిన గుర్తు లేదు. కుక్క సంగతి సరేసరి, మే నెలలో దాన్ని డిమ్నా రోడ్డు మీద నిలబెడితే మధ్యాహ్నానికల్లా కేసవుతుంది. కింద బంగారు రంగు అక్షరాలు: మహానగరం అంచున వాకబుల్, ఫ్యామిలీ ఫ్రెండ్లీ కమ్యూనిటీ.

మహానగరమంటే కలకత్తా కాబోలనుకున్నాను. రైల్లో నాలుగు గంటల దారి, కాళ్లకు కొంచెం ఎక్కువే. కాదట, మా టాటాయేనట. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు, కాళీమాటి స్టేషను కాస్తా టాటానగర్ అయింది. మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వాళ్లు రెండు పేర్లనూ పక్కనబెట్టి టాటా అని తేల్చేశారు. "మావోడు టాటాలో ఉన్నాడు" అంటే ఒకప్పుడు చాలు, పిల్లనిచ్చేవారు. మహానగరం అని మాత్రం మా పెళ్లిళ్ల పేరయ్య కూడా అబద్ధమాడలేదు.

చించి పారేద్దామంటే ఆ హోదా లేదు. క్వార్టరు వెనక్కి అప్పజెప్పాలి. ముప్పై నాలుగేళ్లు కాపురం చేసినా తాళం నాది, ఇల్లు వాళ్లది. కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలెట్టాను.

నిమిషం అనేది కాలాన్ని కొలిచేదనుకుంటూ ఇన్నాళ్లు బతికాను. రియల్ ఎస్టేట్‌లో దానితో నేలను కొలుస్తారు. బడికి 4 నిమిషాలు, ఆసుపత్రికి 7, సాక్చి బజారుకు 10. ఎవరి నిమిషాలు, ఏ వేళ నిమిషాలు అన్నది లేదు. బ్రోచరు మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే ఓ కుర్రాడు "సార్" అనే మాటను కామాలా వాడుతూ చెప్పాడు: కారులో సార్, ట్రాఫిక్ లేనప్పుడు సార్. మాంగో వంతెన మీద ట్రాఫిక్ ఎప్పుడుండదు బాబూ అంటే కాసేపు ఆలోచించి, తెల్లవారుజామున సార్ అన్నాడు. అంటే రాత్రి మూడింటికి లేచి సాక్చిలో వంకాయలు కొనుక్కోగలిగే ఊరన్నమాట.

ఈ నిమిషాల పిచ్చి ప్యారిస్ నుంచి దిగింది. 2020 మేయరు ఎన్నికల్లో అన్ హిడాల్గో "15 నిమిషాల నగరం" అనే మాట పట్టుకునే ప్రచారం చేసింది. వాళ్లు ఆ నిమిషాలు లెక్కబెట్టింది నడకకూ సైకిలుకూ. మనవాళ్లు అంకెను దిగుమతి చేసుకుని దానికి నాలుగు చక్రాలు తగిలించారు.

"మరి వాకబుల్ అన్నారు కదా, నడిచేదెక్కడ?"

"లోపల వాకింగ్ ట్రాక్ ఉంది సార్. 400 మీటర్లు. సింథటిక్ సార్."

మా తాతగారి ఊళ్లో గానుగ ఉండేది. ఎద్దు కళ్లకు గంతలు కట్టి కాడికి తగిలించేవారు. పొద్దుట మొదలెడితే దీపాల వేళదాకా నడిచేది. లెక్కేస్తే రోజుకు ఏ పలాసదాకానో వెళ్లొచ్చినంత నడక, తీరా చూస్తే ఉన్నచోటే. దాని కాళ్ల కింద సింథటిక్ లేదు, మెడలో అడుగులు లెక్కబెట్టే గడియారమూ లేదు. ఒక్క విషయంలో మాత్రం అది మనకంటే నయం. సాయంత్రానికి నూనె వచ్చేది.

"లోపల కిరాణా కొట్టుందా?"

"యాప్ ఉంది సార్. పది నిమిషాల్లో కొత్తిమీర మీ గుమ్మంలో ఉంటుంది సార్."

గుడి? క్లబ్‌హౌస్‌లో ధ్యానం గది ఉంది సార్. బడి? ఏసీ బస్సు గేటు దగ్గరికే వస్తుంది సార్. అర్థమైంది. నడవడానికి అనువైన కమ్యూనిటీలో నడవాల్సిన అవసరం ఒక్కటి కూడా మిగల్చలేదు. మిగిలిపోయిన కాళ్లకు ఏం చెయ్యాలో తోచక 400 మీటర్లు గుండ్రంగా రంగేశారు.

నేను పెరిగిన లైనులో నడకను కొలిచే పద్ధతి వేరు. అమ్మ మూకుట్లో నూనె పోసి, ఆవాలు వేసేముందు కేకేసేది: "ఒరే, బేగెళ్లి నాలుగు రెబ్బలు కరేపాకట్రా!" ఇక్కడి బజార్లలో కరివేపాకు దొరకడం కనాకష్టం కాబట్టి తెలుగువాళ్ల పెరళ్లలో చెట్టుండేది. మాకు దగ్గర చెట్టు ఎదురు లైన్లో మాస్టారుగారిది. ఉరికి వెళ్లి కోసుకొస్తుంటే వాళ్లావిడ "సిగురు తెంపీకు, కింద కొమ్మ తెంపు" అని అరిచేది. నేను వంటింట్లోకి వచ్చేసరికి ఆవాలు చిటపటలాడుతుండేవి. పోపు మాడకూడదు, అదొక్కటే కొలమానం. నాన్న పొద్దుటి 'ఏ' షిఫ్టుకైతే ఆరింటికల్లా గేటు దగ్గర ఉండాలి. సైకిలు హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా, కాలికి ప్యాంటు చుట్టూ క్లిప్పు. సైరన్ కూసే వేళకు మా రోడ్డు మొత్తం సైకిలు బెల్లులే. ఆదివారం బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి నడిచి వెళ్లి, ప్రసాదం తిని, నడిచి వచ్చేవాళ్లం. దీన్ని వాకబుల్ అంటారని మాకెవరూ చెప్పలేదు. చెప్పుంటే నాన్న సైకిలు అమ్మేసి ఉండేవాడేమో.

అదే కొలబద్దతో హైదరాబాదులో మా బావమరిది ఇల్లు కొలిచి చూశాను. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ముప్పై రెండో అంతస్తు. కరివేపాకు కోసం లిఫ్టు దిగేలోపు పోపు మాడి, పొగ లేచి, అలారం మోగి, సెక్యూరిటీ వాళ్లు పైకి వస్తారు. బాల్కనీలోంచి ఎదురుగా గుడి గోపురం కనిపిస్తుంది, చెయ్యి చాపితే అందేటట్టు. ఆ గుడికి వెళ్లాలంటే కారు తీసి, సర్వీసు రోడ్డెక్కి, ఎక్కడో యూటర్న్ కొట్టి రావాలి. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు ఊరికి మొలతాడు అన్నారు. దాన్ని కాలినడకన దాటాలనుకునేవాడికి మాత్రం లక్ష్మణరేఖే.

"నడవండి బావా, లోపల ట్రాక్ బాగుంటాది" అంటాడు వాడు. వాడు దాని మీదకు దిగినట్టు ఆ ఇంట్లో ఎవరికీ జ్ఞాపకం లేదు.

బ్రోచరు నాలుగో పేజీలో "దేశంలోనే తొలిసారి" అనే మాట ఉంది. రాసిన కుర్రాణ్ణి తప్పుబట్టను, వాడు ఊళ్లోకి నడిచి వచ్చి ఉండడు. 1902లో, ఇంకా కర్మాగారం ఎక్కడ పెట్టాలో కూడా తేలకముందే, జంషెట్జీ టాటా కొడుకు దొరాబ్జీకి ఉత్తరం రాశాడు: వీధులు వెడల్పుగా వెయ్యి, నీడనిచ్చే చెట్లు నాటు, వాటిలో తొందరగా ఎదిగేవీ ఉండాలి, తోటలకూ ఆటలకూ చోటు వదులు, గుళ్లకూ మసీదులకూ చర్చిలకూ స్థలాలు చూడు అని. 1904లో ఆయన పోయాడు. 1907లో గానీ సాక్చి నేల దొరకలేదు. వెతికినవాళ్లలో వెల్డ్ అనే అమెరికన్‌తో పాటు శ్రీనివాసరావు ఉన్నాడు. పేరు చివర రావు ఉందని మా అరుగు మీది పెద్దలు ఆయన్ని ఎప్పుడో శ్రీకాకుళం జిల్లాలో కలిపేసుకున్నారు, సాక్ష్యం అడిగినవాడికి టీ పొయ్యరు.

ఊరి నక్షా మొదట పిట్స్‌బర్గ్ కంపెనీ గీసింది. తర్వాత టెంపుల్, స్టోక్స్ అనేవాళ్లు. 1940లలో ఒట్టో కోనిగ్స్‌బర్గర్ వచ్చాడు. హిట్లర్ జర్మనీ వదిలి, మైసూరు సంస్థానంలో ఆర్కిటెక్టుగా కుదిరినవాడు. తర్వాత భువనేశ్వర్‌కు గీత గీసింది కూడా ఈయనే. న్యూయార్కులో 1929లో క్లారెన్స్ పెర్రీ చెప్పిన ఊహను టాటాకు తెచ్చాడు: ఊరిని చిన్న చిన్న పేటలుగా చెయ్యాలి, నడిమధ్య బడి ఉండాలి, పిల్లవాడు పెద్ద రోడ్డు దాటకుండా బడికి వెళ్లి రావాలి. గమనించండి, పేటను కొలిచింది పిల్లవాడి కాళ్లతో. బ్రోచరులో పిల్లల కోసం ఉన్నది "కిడ్స్ జోన్", బేస్‌మెంట్ పార్కింగ్ పక్కన.

ఇక్కడితో ఆపితే మా టాటావాళ్ల సొంతడబ్బా అవుతుంది. అసలే ఆ డబ్బా మోత ఎక్కువ. జుబిలీ పార్కులో పొద్దుటే కలిసే మా రిటైర్డ్ బృందం ముచ్చట వింటే, 1958లో నెహ్రూ ఈ పార్కు తెరిచింది వీళ్లు నడవడానికేననిపిస్తుంది. కుళాయి నీళ్లు తాగగలిగే ఊరు, చెట్ల ఊరు, నడిచే ఊరు. నిజమే. నడిచే ఊరు ఎందుకయ్యిందో మాత్రం ఎవరూ ఎత్తరు. కొలిమి ఎవరి కోసమూ ఆగదు, పనివాడు సైరన్ వేళకు గేటులో ఉండాలి. మా రోడ్లు కొంత జంషెట్జీ ఉత్తరం పుణ్యం, కొంత హాజరు పట్టీ పుణ్యం. ఎవరి ఇల్లు ఎంతన్నదీ కాళ్ల బలం చూసి ఇవ్వలేదు, గ్రేడు చూసి ఇచ్చారు. దొరలకు బంగళా, మాకు లైను ఇల్లు. కంపెనీ కట్టిన ఇళ్లు ఏనాడూ అందరికీ చాలలేదు. మిగిలినవాళ్లు నదుల ఒడ్డునా పట్టాల పక్కనా తామే కట్టుకున్నారు. వాటినే ఇప్పుడు "86 బస్తీలు" అంటారు. ప్రతి ఎన్నికల్లో హక్కు పత్రాలిస్తామంటారు. ఎన్నికలంటే అసెంబ్లీకీ పార్లమెంటుకీ. ఊరు నడపడానికి ఓటేసి ఎన్నుకునే కార్పొరేషన్ జంషెడ్‌పూర్‌కు లేనే లేదు.

మా ఇంట్లో అంట్లు తోమే ఆమె ఖర్కాయి ఒడ్డు బస్తీ నుంచి వస్తుంది. ముప్పావు గంట రావడం, ముప్పావు గంట పోవడం, వానాకాలంలో నది ఇంట్లోకి వస్తే అదీ లేదు. మా బృందంలో ఎవరికైనా నడక గురించి ఉపన్యాసం కావాలంటే ఆమెను పిలవాలి. ఆమెకు తీరిక లేదు.

ఫ్యామిలీ ఫ్రెండ్లీ సంగతి చెప్పనే లేదు. ఎవరికి ఇల్లు ఇవ్వరో మర్యాదగా చెప్పే మాట అది. బ్యాచిలర్లకు లేదు. చేపలు వేయించేవాళ్లకు పైకి ఉంది, లోపల లేదు. పేరు విన్నాక "మొన్ననే అయిపోయింది సార్" అని కొందరికి. మా లైన్లో ఒక పక్క బెంగాలీలు, ఇంకో పక్క ఛప్రా వాళ్లు, వెనక సర్దార్జీ, ఆ పక్కన సంతాల్ కుటుంబం. ఎంచుకుని చేరిన స్నేహం కాదు, ఇళ్లు ఇచ్చే గుమాస్తా జాబితా అలా కలిపింది. 1979 ఏప్రిల్ మత అల్లర్లు ఈ ఊళ్లోనే జరిగాయి, ఆ కలిపిన కుట్టు అక్కడక్కడ పిగిలిందీ నిజమే. అయినా ఇలిశ చేప వాసన వచ్చిందని మా అమ్మ ఎన్నడూ కంప్లైంట్ రాయలేదు, ముక్కు మూసుకుని కరివేపాకు పంపించేది.

సరే, చదివింది చాలు, నడిచి చూద్దామనుకున్నాను. వాకబుల్ అన్నవాణ్ణి నమ్మడం కొనేవాడి ధర్మం.

సాక్చి గోల్‌చక్కర్ దగ్గర షేర్ ఆటో దిగి మొదలెట్టాను. తలకు గమ్‌ఛా, చేతిలో గుడ్డసంచి, అందులో నీళ్ల సీసా. మాంగో వంతెన మీద నేనే గెలిచాను, కింద సువర్ణరేఖ కదులుతోంది, పైన కార్లు కదలడం లేదు. వంతెన దిగాక ఫుట్‌పాత్ అనేది ఉందో లేదో చెప్పడం కష్టం. ఉన్నచోట దాని మీద బైకులు, సమోసాల మూకుడు, ఓ కరెంటు స్తంభం, మూత లేని కాలువ. డిమ్నా చౌక్‌లో హైవే దాటడానికి ఓ మేకల మంద వెనకాల నిలబడ్డాను. వాటికి అలవాటు. బ్రోచరు 10 నిమిషాలు నా కాళ్ల మీద గంటా పాతిక అయ్యాయి.

గేటు మాత్రం కల్యాణ మండపమంత ఉంది. చారల కర్ర అడ్డం. కారు అద్దం మీది స్టిక్కరు చూస్తే అది దానంతటదే లేస్తుంది. నన్ను చూసి లేవలేదు. మనిషి పట్టే చిన్న తలుపు కోసం అటూ ఇటూ చూశాను, పెట్టలేదు. కర్ర కింద నుంచి వంగి దూరబోతే గార్డు విజిలేశాడు.

"ఏ ఫ్లాట్లో పని?"

పని కాదు, చూడటానికి వచ్చానన్నాను. గమ్‌ఛా వైపు చూశాడు, సంచి వైపు చూశాడు, నా వెనక కారు కోసం చూశాడు. లేదు. "నడిచొచ్చేవాళ్లకు వెనక గేటు" అన్నాడు.

గోడ చుట్టూ తిరిగి వెళ్లాను. అక్కడ ఇరుకు తలుపు, ముందు బారు. పనమ్మాయిలు, పెయింటర్లు, ఓ ఇస్త్రీ అబ్బాయి. ప్రతి ఒక్కరూ రిజిస్టరులో పేరు, ఊరు, ఫ్లాటు నంబరు రాయించుకుంటున్నారు. నా ముందున్న ఆమె డబ్బా విప్పి చూపించింది, వెళ్లేటప్పుడు కూడా చూపించాలట. నా వంతు వచ్చింది. "వచ్చిన పని" అనే గడిలో నడక అని రాశాను. గార్డు చదివి, కొట్టేసి, "ప్లంబర్" అని రాసుకున్నాడు. ట్రాక్ దాకా వెళ్లి చూశాను, ఎర్రగా, గుండ్రంగా, ఎండలో ఖాళీగా ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు వేణ్ణీళ్లలో పెట్టుకుని కూర్చుంటే ఫోన్ మోగింది.

"సారీ సార్, మీరు నడిచి వచ్చారట సార్, మావాళ్లు గుర్తుపట్టలేకపోయారు సార్. మీరేం పెట్టుకోకండి. ఆదివారం మీ క్వార్టరు దగ్గరికే కారు పంపిస్తాం సార్."