మెకానిక్కు ఎందుకండీ, క్లచ్ వైరు ఉండగా!

ఏప్రిల్ 15న వేట ఆగుతుంది, జూన్ 14తో నిషేధం తీరుతుంది. మన తూర్పు తీరంలో ఆ 61 రోజులూ బోటు ఒడ్డున ఉంటుంది, మోటారు పంచలో గోనెసంచి కప్పుకుని ఉంటుంది. ఈ రెండు నెలల్లో పెట్రోలు విషయంలో మీరు చేయాల్సింది ఒక్కటే: ఏమీ చేయకూడదు. ట్యాంకులో సగం మిగిలిందా, ఉండనివ్వండి. కార్బొరేటర్ గిన్నెలో ఉన్నదీ కదపకండి. గిన్నె అడుగున చిన్న స్క్రూ ఉంటుంది, వదులు చేస్తే ఆ కాస్తా కారిపోతుంది. రెండు నిమిషాల పని కాబట్టే ఉప్పాడ నుంచి భీమిలి దాకా ఎవరికీ తీరిక దొరకదు. మే నెల ఎండకి పెట్రోల్లో తేలికపాటి భాగం ఎగిరిపోయి, మిగిలింది లక్క రంగు జిగురై జెట్లలో కూచుంటుంది. వార్నిషు డబ్బా ఏమైనా చవకా? మీకు ఉచితంగా వచ్చింది.

బంకులో ఇప్పుడు పోసేది ఉత్త పెట్రోలు కాదు, అందులో 20 శాతం దాకా ఇథనాల్. దానికి నీళ్లంటే ప్రాణం. సగం ఖాళీ ట్యాంకులోకి సంద్రపు గాలి తెచ్చే తేమనంతా లాక్కుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ జట్టుకట్టి, పెట్రోలును వదిలేసి అడుక్కి దిగుతాయి. మోటారుకి వెళ్లే గొట్టం మూతి ఉండేదీ అడుగునే. కాబట్టి నిషేధం తీరిన రోజు దాని మొదటి గుక్క అదే. కలిపిన టూ-టి ఆయిలు మాత్రం పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది, కిందికి రాదు. పిస్టనుకి నీళ్లు అందుతాయి, నూనె అందదు. గాజు సీసాలోకి కొంచెం వంచి కాసేపు కదలకుండా పెడితే రెండు పొరలూ కంటికి కనబడతాయి. అందుకే ఆ పని చేయకండి. చూశాక పారబోయబుద్ధవుతుంది. లీటరు ధర తెలిసినవాడెవడైనా పారబోస్తాడా? పైన కొత్త పెట్రోలు పోసి, ట్యాంకు రెండుసార్లు ఊపి, దండం పెట్టుకోండి.

ఆయిలు పాళ్లకి కొలతగిన్నె వెతకొద్దు. చాలా టూ-స్ట్రోక్ మోటార్ల పుస్తకంలో 50కి 1 అని ఉంటుంది, అంటే 25 లీటర్ల ట్యాంకుకి అర లీటరు. పుస్తకం రాసినవాడికి మీ చెయ్యి సంగతి తెలీదు. పొదుపరులు తగ్గించండి, ఉదారులు పెంచండి. మొదటివారికి పిస్టను పట్టేస్తుంది, రెండోవారికి ప్లగ్గు మసిబారుతుంది. ఎవరి స్వభావానికి తగ్గ ఫలితం వారికి.

ఇక మోటారు తాడు లాగీ లాగీ భుజం పట్టేసిందనుకోండి. తెలివితక్కువవాళ్లు ముందు ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచి ఉందో లేదో చూస్తారు. అది మూసి ఉంటే లోపలికి గాలి పోదు, గాలి పోకపోతే పెట్రోలు రాదు, పైపు మధ్యలోని రబ్బరు బల్బు పీల్చుకుపోయి చప్పిడి అవుతుంది. బల్బు ఎంత పిసికినా గట్టిపడకపోతే ఎక్కడో పైపు చీలి గాలి పీలుస్తున్నట్టు, లేదా బల్బులో కవాటం పోయినట్టు. బల్బు మీద బాణం గుర్తు మోటారు వైపు చూడాలన్న చాదస్తం కూడా వాళ్లకి ఉంటుంది. ఇవన్నీ సమస్యను పానా పట్టకుండానే తేల్చేస్తాయి, అదే వీటిలో లోపం. ఊరంతా చుట్టూ చేరి చూస్తుంటే, మీరు ఒక మూత స్క్రూ తిప్పగానే మోటారు బయల్దేరితే మీ పరువేం కావాలి? నేరుగా కార్బొరేటర్ విప్పండి.

విప్పడానికి వంటింటి పక్క గది శ్రేష్ఠం. బయటైతే గాలి వేస్తుంది, వాసన చెదిరిపోతుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, అందుకని నేలబారునే పాకుతూ గడప దాటుతుంది. అవతల గ్యాస్ పొయ్యి మీద మీ ఆవిడ చేపల పులుసు పెట్టి ఉంటుంది. గిన్నెలో పెట్రోలు ఎంతుందో సరిగా కనబడకపోతే బావమరిదిని అగ్గిపుల్ల గియ్యమనండి. ఆ తర్వాత గదిలో వెలుతురుకి లోటుండదు, కప్పు కూడా ఉండదు కాబట్టి. ట్యాంకు ఖాళీ చేయడానికి చేతిపంపు కొనకుండా పైపు నోట్లో పెట్టుకుని పీల్చేవారూ ఉన్నారు. పెట్రోలు కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి జారితే ఆసుపత్రి ఖర్చు మోటారు ఖర్చుని దాటుతుంది, కానీ చేతిపంపు డబ్బులు మిగిలాయి కదా.

అసలు విద్య జెట్టు దగ్గరుంది. చిన్న ఇత్తడి ముక్క, మధ్యలో వెంట్రుకవాసి రంధ్రం. ఆ రంధ్రం కొలతను బట్టే ఎంత గాలికి ఎంత పెట్రోలో నిర్ణయమవుతుంది, అందుకే దాని మీద నంబరు కొట్టి ఉంటుంది. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి, గాలితో ఊది, వెలుతురుకి ఎత్తి చూస్తే సరిపోతుందని మెకానిక్కులు అంటారు. వాళ్ల పొట్ట వాళ్లది. మీరు పాత స్కూటరు క్లచ్ వైరులోంచి ఒక పోగు లాగి, రంధ్రంలోకి దూర్చి, బాగా రాపాడించండి. ఇత్తడి మెత్తన, ఉక్కు గట్టిది, రంధ్రం చక్కగా పెద్దదవుతుంది. ఇకనుంచి మోటారు తాగుడుకి లెక్కుండదు. పొగ నల్లగా వస్తుంది, ప్లగ్గు ప్రతి వేటకీ తడుస్తుంది, బంకువాడు మిమ్మల్ని పేరుపెట్టి పిలుస్తాడు. తుడవడానికి పాత లుంగీ వాడండి. దాని నూలుపోగులు రేపు అదే రంధ్రానికి అడ్డం పడి, మీకు మళ్లీ పని కల్పిస్తాయి.

ప్యాకింగులు కొత్తవి కొనడానికి కాకినాడ వెళ్లాలా? చిరిగినదానికి చుట్టూ సిలికాన్ పెట్టండి. పెట్రోల్లో అది ఉబ్బి, ముక్కలు ముక్కలై ఊడి, నేరుగా సూది కవాటం దగ్గరికి ప్రయాణం కడుతుంది. పైపు కొసలకి కుళాయి టేపు చుట్టండి, దాని పీలికలదీ అదే దారి. ట్యాంకు కారితే బట్టల సబ్బు రుద్దండి. ఇదొక్కటి మాత్రం నిజంగా పనిచేస్తుంది, మొదటి కెరటం దాన్ని కడిగేసేదాకా.

బిగించాక పంచలోనే, స్టాండు మీదే, నీటి డ్రమ్ము లేకుండా స్టార్ట్ చేయండి. పెట్రోలు సరిగ్గా అందుతోందో లేదో చెవికి తెలుస్తుంది. కింద నీళ్లు తోడే రబ్బరు చక్రం నీళ్లు లేకుండా తిరిగితే కాసేపట్లోనే మాడిపోతుందన్నది నిజమే. కానీ మనం బాగుచేస్తున్నది పెట్రోలు లైను, నీళ్ల సంగతి మనకెందుకు?

ఇంత చేశాక తెడ్లు ఇంట్లో వదిలేసి వేటకి వెళ్లండి. ఒడ్డు కనుమరుగయ్యాక మోటారు దగ్గి ఆగుతుంది. బల్బు పిసకండి, చోక్ లాగండి, తాడు లాగండి, ప్లగ్గు మునిగేదాకా లాగండి. చివరికి ఎవరో పక్క బోటువాళ్లు తాడు విసిరి, తమ వేట మానుకుని మిమ్మల్ని లాక్కొస్తారు. దారి పొడుగునా ఊరికే కూచోకండి. వాళ్ల మోటారు చప్పుడు చెవిపెట్టి విని, జెట్టు కొంచెం చిన్నదైనట్టుందని గట్టిగా అరిచి చెప్పండి. క్లచ్ వైరు మీ జేబులోనే ఉందని కూడా చెప్పండి.