శుష్కవదన పద్యం: టీకా తాత్పర్య విశేషాలతో

మూలం

మాత్ర వేసుకొంటి మంచిదే పోటుకు
నోరు మాత్రమెండె నూతి యట్లు
నీళ్ళు త్రాగినంత నిముసమే తడియుండు
వైద్య! యేమి సేతు? వాక్కు రాదు

అవతారిక

ఈ ఆటవెలది ఒక మందుల చీటీ వెనకవైపు బాల్‌పెన్నుతో రాసి ఉంది. కవి ఎవరో తెలియదు. చీటీ ముందువైపు చూసి తెలుసుకుందామంటే, మందు పేరు ఉండవలసిన చోట సరిగ్గా గుండ్రటి కాఫీ మరక. పక్కన ‘ఉదయం 1’ అన్న మాట ఒక్కటే బతికి బట్టకట్టింది. మెదక్ సీమ కొల్చారం వాడని చెప్పుకొనే మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది పలకనని ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యానాలు చేశాడు. మూలంలో ముఖ్యమైన మాటే మరక పాలైన చోట ఆ నియమం సాగదు కనుక నేను దాన్ని పాటించడం లేదు.

ప్రతిపదార్థం

వైద్య = ఓ డాక్టరుగారూ; పోటుకు = రక్తపు పోటుకు, అనగా బీపీకి; మాత్ర = గోలీ; వేసుకొంటి = పొద్దున్నే మింగితిని; మంచిదే = గుణమిచ్చినదే (పై అంకె 160 నుండి 130కి దిగినదని ధ్వని); నోరు మాత్రము = నోరొక్కటి; నూతి యట్లు = బావివలె; ఎండె = ఎండిపోయెను; నీళ్ళు త్రాగినంత = త్రాగిన వెంటనే; నిముసమే = ఒక్క నిమిషమే; తడియుండు = చెమ్మ నిలుచును; వాక్కు రాదు = మాట పెగలదు; ఏమి సేతు = నన్నేం చేయమంటారు.

తాత్పర్యం

బీపీ దిగింది, నోరు ఎండింది. నీళ్ళు తాగినా లాభం లేదు. ఎలాగండీ?

విశేషాలు

మొదటి పాదం. ‘మాత్ర’ అన్నాడే గాని ఏ మాత్రో చెప్పలేదు. ఈ పద్యం మీద వ్యాఖ్యాతల కొట్లాటంతా ఇక్కడే.

మూత్రవాదులు అనే మొదటి శాఖవారు అది నీరు తీసే మందు అంటారు. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్తాలిడోన్, ఫ్యూరోసెమైడ్ ఈ జాతివి. ఒంట్లోని ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపి బీపీ దించుతాయి. నీరు తగ్గినప్పుడు నోటికి వాటా తగ్గడంలో వింత లేదు. “మా డాక్టరు నాకు నీళ్ళ మాత్ర ఇవ్వలేదే” అని కవి అనవచ్చు. ఇచ్చి ఉండవచ్చు నాయనా, షీటు తిప్పి చూడు. మాత్ర పేరు చివర ‘హెచ్’ అనో ‘సీటీ’ అనో తోక ఉంటే, ఒక మాత్రలో రెండో మందు కలిసి వచ్చిందనే అర్థం. మన ఇళ్ళలో ‘ఒక్క మాత్రే వేసుకుంటున్నాను’ అనేవాళ్ళలో చాలామంది నిజానికి రెండు మూడు మందులు మింగుతున్నారు.

రెండో శాఖ శిరోవాదులు. క్లోనిడిన్, మిథైల్‌డోపా మెదడు దగ్గరే పనిచేసి, రక్తనాళాలను బిగించమని వెళ్ళే ఆజ్ఞలను తగ్గిస్తాయి. నోరెండడంలో వీటిదే పెద్దపీట, ముఖ్యంగా క్లోనిడిన్‌ది. దీని పుట్టుక తెలిస్తే కవి నవ్వుకునేవాడు. 1960ల మొదట్లో జర్మనీలో దీన్ని తయారుచేసింది బీపీ కోసం కాదు, ముక్కుదిబ్బడ వదిలించే చుక్కల మందుగా. పరీక్షలో వేయించుకున్న మనిషికి ముక్కు మాట అటుంచి, బీపీ దిగి గాఢనిద్ర పట్టింది. ముక్కు ఎండబెట్టడానికి పుట్టిన మందు నోటిని వదులుతుందా?

మిగతా మాత్రల సంగతి పద్యమే తేలుస్తోందని నా అభిప్రాయం. ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడేవాళ్ళను వేధించేది పొడిదగ్గు. పద్యంలో దగ్గు లేదు. ఆమ్లోడిపిన్‌కు పేరు తెచ్చింది చీలమండల వాపు. కవి కాళ్ళ ఊసే ఎత్తలేదు. ఈ మాత్రలతో నోరెండదని కాదు, అనుమానం అంత బలంగా లేదని.

మూడో శాఖవారు అన్యవాదులు. వీరి వాదం వినడానికి చప్పగా ఉంటుంది గాని ఎక్కువసార్లు వీరే గెలుస్తారు. నోరెండబెట్టింది బీపీ మాత్ర కాదు, దాని పక్కన నిశ్శబ్దంగా కూర్చున్నది అంటారు: తుమ్ములకు రోజూ వేసుకునే సెట్రిజిన్, నిద్రకో నరాల నొప్పికో ఇచ్చిన ఎమిట్రిప్టిలిన్, మాటిమాటికీ మూత్రం వస్తోందని వాడే ఆక్సిబ్యూటినిన్. ఇవి కాకుండా అసలు మాత్రలతో సంబంధం లేని షుగరు. నోరెండి, దాహం ఎక్కువై, రాత్రి నాలుగుసార్లు లేచేవాడు పద్యం రాసేముందు రక్తంలో షుగరు చూపించుకోవాలి.

రెండో పాదం. ‘నూతి యట్లు’ అన్న ఉపమలో లోపం ఉంది. ఉత్త బావి ఎండదు. ఎండిన బావి అనాలి. చైత్రమాసపు బావి అని అధ్యాహారం చేసుకుంటే సరిపోతుంది. కాని పోలిక లోపల సంగతి గట్టిది: ఊట తగ్గింది. చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద మూడు జతల గ్రంథులు, పెదవుల లోపలా బుగ్గల్లోనూ చెల్లాచెదురుగా ఉన్న చిన్నవి కలిసి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుస్తాయి. ఆ ఊట సుమారు సగానికి పడేదాకా మనిషికి తెలియదు. కనుక కవి ఫిర్యాదు చేసేనాటికే సగం పోయింది.

ప్రాసంగికంగా ఒక మాట. ధర్మశాస్త్రాల్లో తండుల దివ్యం అని ఒక పరీక్ష ఉంది. దొంగతనం మోపబడినవాడికి బియ్యం నమలమని ఇచ్చి, ఉమ్మినదాన్ని చూసి తీర్పు చెప్పేవారు. భయపడ్డవాడికి నోరెండుతుందన్న లెక్క దీని వెనక ఉందని ఈ కాలంవారు చెబుతారు. ఆ న్యాయసభకు మన కవి క్లోనిడిన్ వేసుకుని వెళ్ళి ఉంటే, పక్కింటి గొలుసు అతని ఖాతాలో పడేది.

మూడో పాదం. పద్యానికి ప్రాణం ఇది. నీళ్ళు తాగితే నిమిషమే తడి ఉంటుందని కవి కనిపెట్టాడు. ఎందుకంటే నీళ్ళు లాలాజలం కావు. లాలాజలంలో జిగురు ఉంది, అది నోటి గోడను అంటుకుని నిలుస్తుంది. పులుపును చంపే క్షారం ఉంది, పంటిపై పొరకు మరమ్మతు చేసే కాల్షియం, ఫాస్ఫేట్ ఉన్నాయి. చెంబెడు నీళ్ళు గడగడా తాగితే ఆ చెంబు రాత్రి మరుగుదొడ్డి దారి చూపిస్తుంది, అంతే. గుక్కెడు గుక్కెడుగా నోరు తడుపుకోవడం మేలు. అంతకన్నా మేలు ఊటనే కదిలించడం: చక్కెర లేని చూయింగ్ గమ్, జైలిటాల్ ఉన్నదైతే మరీ మంచిది. నమిలితే గ్రంథులు పనిలోకి దిగుతాయి. అప్పటికీ చాలకపోతే మందుల షాపులో కృత్రిమ లాలాజలం స్ప్రేగానో జెల్‌గానో దొరుకుతుంది. పడుకోబోయేముందు వాడితే రాత్రి నాలుక అంగిలికి అతుక్కోదు.

ఇక్కడ ఇరుగుపొరుగు వ్యాఖ్యలు వచ్చిపడతాయి. పక్కింటి పిన్నిగారు నిమ్మబద్ద చప్పరించమంటారు. ఊట వస్తుంది, నిజమే. రోజంతా చప్పరిస్తే, కాపాడే లాలాజలం లేని నోట్లో ఆ పులుపు పంటి పొరను తినేస్తుంది. ఉప్పేసిన మజ్జిగ అంటారు మామగారు. బీపీ మనిషికి ఉప్పు వేయకుండా ఇవ్వండి, అభ్యంతరం లేదు. పిప్పరమెంటు బిళ్ళలు బుగ్గన పెట్టుకుంటే చక్కెర పళ్ళలో కాపురం పెడుతుంది. వక్కపొడి, జర్దా గురించి చెప్పనే అక్కరలేదు.

అందరిలోకి ప్రమాదకరమైన సలహా అందరిలోకి తియ్యనిది: అతిమధురం. గొంతు తడారిందంటే పచారీ కొట్టు నుంచి ఆ పసుప్పచ్చని పుల్ల తెచ్చి నమలమనడం మన ఇళ్ళలో మామూలే. గాయకులు కూడా వాడతారు. కాని అందులోని గ్లిసిరైజిన్ మూత్రపిండాల్లో ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో ఒంట్లో ఉండే కార్టిసాల్ హార్మోను, ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టిరాన్ వేషం కడుతుంది. ఉప్పు, నీరు ఒంట్లోనే నిలుస్తాయి, పొటాషియం జారిపోతుంది, బీపీ ఎక్కుతుంది. కవి నీరు తీసే మాత్ర మీద ఉంటే అదీ పొటాషియాన్ని దింపేదే. ఇద్దరూ కలిస్తే గుండె లయ తప్పే దాకా పోవచ్చు. అంటే మాత్ర వల్ల ఎండిన నోటికి వాడిన పుల్ల, ఆ మాత్ర చేసిన పనినే చెడగొడుతుంది. అప్పుడప్పుడు చిన్న ముక్క నమిలితే ఏమీ కాదు కదా అని వాదించేవారున్నారు. బీపీ మాత్ర వేసుకునేవారితో నేను ఆ వాదానికి దిగను.

నాలుగో పాదం. ‘వాక్కు రాదు’ అన్నది అతిశయోక్తి కాదు. పొడి నోట్లో నాలుక పళ్ళకు అతుక్కుంటుంది, కట్టుడు పళ్ళు మాట మధ్యలో జారతాయి. వాక్కు పోతే పోయింది, పళ్ళూ పోతాయి: చిగుళ్ళ అంచున, వేరు బయటపడ్డ చోట పుప్పి మొదలవుతుంది. అందుకని ఫ్లోరైడ్ పేస్టు తప్పనిసరి, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ నిషిద్ధం. నాలుక మీద తెల్లని పొర కట్టి మండితే అది ఫంగస్ కావచ్చు, డాక్టరుకు చూపించాలి.

‘ఏమి సేతు’ అన్న ప్రశ్నను కవి వైద్యుణ్ణే అడిగాడు, మాత్ర మానేసి అడగలేదు. ఈ ఒక్కందుకు అతనికి దండం పెట్టవచ్చు. క్లోనిడిన్‌ను ఉన్నట్టుండి ఆపితే బీపీ ముందున్న దానికన్నా ఎగిసి మీద పడుతుంది. కాబట్టి ఇంట్లో ఉన్న షీట్లన్నీ, తలనొప్పి గోలీతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్ళడమే అసలు పని. డాక్టరుగారు మోతాదు తగ్గించవచ్చు, వేళ మార్చవచ్చు, జాతే మార్చవచ్చు. ఊట పెంచే పైలోకార్పిన్ అనే మాత్ర కూడా ఉంది గాని అది చెమటలు పట్టిస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి, కొన్ని రకాల గ్లకోమా, గుండె జబ్బు ఉన్నవారికి పనికిరాదు.

పాఠాంతరం

అదే చీటీ మడతలో, వేరే సిరాతో, నాలుగో పాదం ఇలా కనిపిస్తుంది: ‘వైద్యు డొకటి మార్చె వాక్కు వచ్చె’. గణాలు సరిపోయాయి, వై-వా యతి కుదిరింది, దస్తూరీ కూడా అదే. అయినా ఈ పాఠాన్ని నేను స్వీకరించలేకపోతున్నాను. మాత్ర మారాక రెండు మూడు వారాల్లో మళ్ళీ బీపీ చూపించుకోవాలి. చూపించుకున్నాడో లేదో, అంకె ఎంత వచ్చిందో పద్యంలో ఎక్కడా లేదు.