మౌనం పాటించడమైనది

ఏటా జనవరిలో కేంద్ర హోం శాఖ నుంచి ఒక ఉత్తర్వు బయల్దేరుతుంది. 30వ తేదీన ఉదయం 11 గంటలకు దేశమంతా పనీపాటా, రాకపోకలూ ఆపి రెండు నిమిషాలు అమరవీరులను తలచుకోవాలి. సైరన్ ఉన్నచోట 10.59కి మొదలై 11కి ఆగాలి, 11.02 నుంచి 11.03 దాకా మళ్ళీ మోగాలి. ఇంత పకడ్బందీ టైంటేబుల్ మన రైళ్ళకే లేదు.

ఆ కాగితం రాష్ట్రం, కలెక్టరేటు, మండలం మీదుగా ‘తగు చర్య నిమిత్తం’ మెట్లు దిగి, బడి హెడ్మాస్టరు ఫోన్లో వాట్సాప్ మెసేజై వాలుతుంది. వాలేసరికి దానికో తోక మొలుస్తుంది: ‘ఫొటోలు గ్రూపులో పెట్టగలరు.’ అక్కడొచ్చింది చిక్కు. మౌనం ఫొటోలో పడదే! అందుకని కళ్ళు మూయించాలి, తలలు వంచించాలి. ‘మేడమ్, కొంచెం ఇటు జరగండి, గాంధీగారు కనపడట్లేదు’ అని ఒకరు అంటూనే ఉండాలి. అందరి మౌనానికీ రుజువు దొరకాలంటే ఒకరి మౌనం పోక తప్పదు. పాపం, డ్రిల్లు మాస్టారు ఏటా ఆ త్యాగం చేస్తున్నారు.

ముఖ్య అతిథి వచ్చేచోట 11 గంటలు ఆయన కారు దిగినప్పుడే అవుతాయి. అప్పటిదాకా పిల్లలు గ్రౌండులో వరసల్లో పడిగాపులు. దిగాక దండ, ముప్పావు గంట ఉపన్యాసం, ఆ తర్వాత పావు నిమిషం మౌనం. ఇంతకీ ఎవరికోసం? 1948లో ఆ శుక్రవారం పటేల్‌తో మాటల్లో పడి ప్రార్థనకు పది నిమిషాలు ఆలస్యమైందని నొచ్చుకుంటూ, బిర్లా హౌస్ తోటలో గబగబా నడిచిన ముసలాయన కోసం. ఆయన్ను చంపిన గాడ్సే పేరు దగ్గర మాత్రం వేదిక మీది కొందరు పెద్దలకు రెండు నిమిషాలు చాలవు. ఏడాది పొడవునా మౌనమే.

అసలు గాంధీగారిని కాల్చింది సాయంత్రం 5.17కి. మనం నిలబడేది పొద్దున 11కి. మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజు గుర్తుగా నవంబరు 11న 11 గంటలకు రెండు నిమిషాలు మౌనంగా ఉండండని 1919లో తన ప్రజలను కోరినవాడు ఐదో జార్జి చక్రవర్తి. ఉప్పు పన్ను మీద తిరగబడ్డ మనిషిని ఆ పన్ను వసూలు చేసిన దొరగారి గడియారం చూసుకుని తలచుకుంటున్నామా అని అడిగితే ఆఫీసర్లు చిన్నబుచ్చుకుంటారు. వాళ్ళ ఇబ్బంది వాళ్ళది. 5.17కి ఆఫీసులో ఎవరుంటారు గనక?

మౌనం వేళ కూడా జనం తమ పనుల్లో తాముంటున్నారని హోం శాఖే ఓ ఏడాది ఉత్తర్వులో వాపోయింది. సైరనే లేని ఊళ్ళో పల్లీలమ్మేవాడికి 11 అయిందని ఎవరు చెప్పాలి?

నాదొక మనవి. ముహూర్తం సాయంత్రం 5.17కి మార్చి, వేదిక హైదరాబాదు అమీర్‌పేట చౌరస్తాలో పెట్టండి. ఆ వేళకు అక్కడ బండి ఎలాగూ కదలదు కాబట్టి ‘రాకపోకలు ఆపవలెను’ అన్న ముక్క దానంతటదే అమలైపోతుంది. మిగిలేవి హారన్లు. వాటికింకో సర్క్యులర్ పంపుకోవచ్చు.